ఘాటీ దిగివచ్చిన తలుపు

ఈమధ్య బరంపురం వకీళ్ళ బారులో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు మా ఇంటికి వచ్చి, "మీ రోజుల్లో వృత్తి ఎలా ఉండేదండీ?" అని అడిగారు. మా రోజుల్లో గాలీ, ఫీజూ ఒకేలాంటివే, వస్తే వచ్చేవి, లేకపోతే విసనకర్రే గతి అని నవ్వించి పంపేశాను. వాళ్ళు గేటు దాటాక సిగ్గేసింది. వాళ్ళు అడిగింది వృత్తి గురించి, నేను చెప్పింది ఉక్కపోత గురించి. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను ఏ గ్రేడు ప్లీడరునో, ఏ జడ్జి నా గురించి ఏమన్నాడో రాయను. మొదటిది మీకు అనవసరం, రెండోది నాకు ప్రమాదం. మా నాన్నది గిరిసోల దగ్గర వ్యవసాయం. నాకు నాగలి పట్టడం రాదని తేలిపోయాక, "వీడి ఒంట్లో పదునున్న పనిముట్టు నాలుక ఒక్కటే" అని బరంపురం పంపాడు. ఆ నాలుకతో గెలిచిన కేసులు చాలా ఉన్నాయి, మూసుకుంటే గెలిచేవి ఇంకా ఎక్కువ ఉన్నాయి. వాటన్నిటిలో ఒక్కటి చెబుతాను. వృత్తి అంటే ఏమిటో నాకు ఆ ఒక్క కేసే నేర్పింది. అప్పటికి గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది.

అడ్డం పెట్టిన పుస్తకం

నా సీనియరు జగ్గారావు పంతులుగారు. ఆయన ఆఫీసు గదికి ఒకే తలుపు. సముద్రపు గాలికి అది టపటపా కొట్టుకోకుండా ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం అడ్డం పెట్టేవారు. దేశానికీ దేశానికీ మధ్య ధర్మం ఏమిటి, ఒక రాజ్యం సైన్యం ఇంకో రాజ్యంలోకి ఎప్పుడు అడుగు పెట్టవచ్చు, ఎప్పుడు పెట్టకూడదు అన్నవి అందులో ఉన్న సంగతులు. కేసులు లేని మధ్యాహ్నాలు నేను దాన్ని తీసి చదువుతుంటే తలుపు కొట్టుకునేది.

"ఏమోయ్, చదువు ఆపు, లేకపోతే తలుపు పట్టుకుని చదువు" అనేవారు పంతులుగారు.

"ఇందులో మనకి పనికొచ్చేది ఉందేమో అని..."

"మన చుట్టూ ఉన్న సంస్థానాలు సార్వభౌమ సర్కారు కింద ఉన్నవి. వాటికి దేశాల ధర్మం వర్తించదు. వర్తిస్తుందని వాదించేవాడికి ఫీజు వర్తించదు."

చట్టం ప్రకారం ఆయన మాట నిజమే. కానీ గంజాంలో ఉన్నవాడికి ఇంకో నిజం తెలుసు. ఇక్కడ ఎటు నడిచినా ఎవరిదో ఒకరి సరిహద్దు తగులుతుంది. ఆ మాటలో సరీ ఉంది, హద్దూ ఉంది. ఇరువైపులవాళ్ళూ హద్దు చూపించేవాళ్ళేగానీ సరి చేసేవాళ్ళు తక్కువ. ఘాటీ, అంటే కొండదారి, ఎక్కితే ఒక చిన్న సంస్థానం. దాని పేరు రాయను. వారసులున్నారు, వకీళ్ళను పెట్టుకునే స్తోమతూ ఉంది. కింది మన పోలీసు అక్కడ అడుగు పెట్టకూడదు, అక్కడి సిపాయి ఇక్కడ అడుగు పెట్టకూడదు. మధ్యలో ఒక గట్టు రాయి, దాని పక్కన బిసోయి తాత సారా కొట్టు.

ధాన్యం కొట్టులో దానయ్య

ఛత్రపురం దగ్గర చమఖండి రేవు నుంచి బెస్తవాళ్ళు ఎండు చేపల కావళ్ళు మోసుకుని ఆ సంస్థానంలో సంతకి వెళ్ళేవారు. ఒకసారి సంతలో దానయ్య అనే వయసు కుర్రవాణ్ణి దివాణం మనుషులు ఆపారు. రాజుగారు వేటకి వెళుతున్నారు, డేరాలు మొయ్యమన్నారు. కూలి లేదు. దాన్ని వెట్టి అనేవారు. దానయ్య మొయ్యనన్నాడు. వాణ్ణి తీసుకెళ్ళి ధాన్యం కొట్టులో పెట్టి కాలికి గొలుసు వేశారు. కొట్టు గోడలు మట్టివి. గుంజ పాతితే పీకేస్తాడని, కాలికి చుట్టిన గొలుసు రెండు కొసల్నీ తలుపు చిల్లులోంచి బయటికి తీసి, తలుపుకే బిగించిన కమ్మీకి చుట్టి తాళం వేశారు.

దానయ్య అక్క పోలమ్మ. ఆమె మొగుడు ఎర్రన్న చమఖండిలో కులపెద్ద. వాళ్ళు ముందు సర్కారు కచేరీకే వెళ్ళారు. అక్కడి ఉద్యోగి, పరాయి గడ్డ కాబట్టి సంస్థానాలను చూసే పెద్ద దొరకి రాస్తామన్నాడు. రాశాడు కూడా. జవాబు రాలేదు. మళ్ళీ వెళితే మళ్ళీ రాస్తామన్నాడు. ఈలోగా సంత నుంచి దిగివచ్చినవాళ్ళు దానయ్య కాలు వాచి నీలం తిరిగిందని చెప్పారు. అప్పుడు ఎర్రన్న మనుషుల్ని వెంటబెట్టుకుని ఘాటీ ఎక్కాడు, బావమరిదిని తెచ్చుకున్నాడు. సంస్థానం వాళ్ళు సాయుధ దోపిడీ అని ఫిర్యాదు పంపారు. ఇక్కడి పోలీసులు ఎర్రన్నని పట్టుకుని ఛత్రపురం జైల్లో పెట్టారు.

దొమ్మీ అయితే సంస్థానానికి అప్పగించనక్కరలేదు. దోపిడీ అయితే అప్పగించాలి. ఎర్రన్నని ఘాటీ ఎక్కించారంటే మళ్ళీ దిగడని అందరికీ తెలుసు. కేసు మొత్తం ఆ ఒక్క తేడా మీద నిలబడింది.

ఇదంతా చెప్పడానికి పోలమ్మ బరంపురం వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"వకీలు బాబంటే నువ్వేనా? ఇంత సన్నగున్నావేటి?"

"పెద్ద వకీలుగారు లోపలున్నారమ్మా."

"ఆర్ని సూసినాను. ఆరు సెప్తారు, ఇనరు. నాకు ఇనీవోడు కావాల."

వృత్తిలో నాకు దొరికిన మొదటి మెప్పు అదే. ఆ తర్వాత దొరికినవాటిలో అంతకన్న మంచిది గుర్తు లేదు.

"తలుపుతో ఎగిరొచ్చినాడేటి?"

పంతులుగారి ఉపాయం సులువైనది. ఎర్రన్న ఆ రోజు చేపల వేటకి సముద్రం మీద ఉన్నాడని చెబుదాం, సముద్రాన్ని సాక్ష్యానికి పిలిచేవాడెవడు అన్నారు. ఈ రకం రక్షణకి మా రోజుల్లో మంచి గిరాకీ. ఇప్పుడూ తగ్గలేదనుకుంటాను. జైల్లో ఎర్రన్నకి ఆ మాట చెప్పాను. మనిషి పొడగరి, మాట నెమ్మది.

"నాను ఎల్లినాను బాబూ. ఎల్లనేదని సెప్తే మావోడు తలుపుతో ఎగిరొచ్చినాడేటి?"

"తలుపుతోనా?"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. వాళ్ళు వెళ్ళేసరికి సిపాయిలంతా వేటకి పోయారు. మిట్టమధ్యాహ్నం. ఒక ముసలి కావలివాడు ఆ తలుపుకే ఆనుకుని నిద్రపోతున్నాడు. తాళంచెవి దివాణంలో ఉంది. గొలుసు తెంచాలంటే సుత్తి లేదు. పాతకాలపు తలుపు, కింద గుంటలో కుసి అనే మొన మీద తిరిగేది. ఎర్రన్న దాన్ని పైకెత్తి గుంటలోంచి తీశాడు. కావలివాడు వెల్లకిలా పడి తలకి బొప్పి కట్టించుకున్నాడు. దానయ్యని ఆ తలుపు మీదే పడుకోబెట్టి, కింద తెడ్లు గుచ్చి, డోలీలా మోసుకొచ్చేశారు.

"తెడ్లెందుకు తీసుకెళ్ళారు?"

"కాలు వాసినోడు నడవడు గదా బాబూ. మొయ్యడానికి కర్రలు కావాల."

"మరి సంతకి మోసే తట్టలూ కావళ్ళూ?"

"బిసోయి తాత కొట్టుకాడ దింపీసినాం. మొలసంచులు గూడా. మరి ఎల్లింది పరాయి నీల్లలోకి గదా."

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. అంతకుముందు చమఖండి వాళ్ళ గొడవలు ఒకటి రెండు నా చేతి మీదుగా పోయాయి. ఒక ఊరివాళ్ళు వల వేసే నీళ్ళలో ఇంకో ఊరివాళ్ళు వల వెయ్యకూడదు. కానీ అక్కడ తెప్ప తిరగబడి మనిషి మునుగుతుంటే ఎవరైనా వెళ్ళవచ్చు, అడగనక్కరలేదు. షరతు ఒక్కటే. వలా గేలమూ తమ ఒడ్డున దింపేసి వెళ్ళాలి. వలతో వెళ్ళినవాడు మునిగేవాణ్ణి బతికించి తెచ్చినా ఆ రేవులో దొంగే.

నేను ఆఫీసుకి వచ్చి తలుపు దగ్గరి పుస్తకం తీశాను. అందులో పెద్దలు పేజీలకు పేజీలు తర్కించిన సంగతి ఇదే. తన మనిషికి ప్రాణం మీదికి వచ్చిందా? వేరే దారులన్నీ మూసుకుపోయాయా? పనికి తగినంతే బలం వాడాడా? పని కాగానే తిరిగి వచ్చాడా? తనకంటూ ఏమైనా పట్టుకొచ్చాడా? ఈ అయిదింటిలో నాలుగు నాకు అనుకూలం. అయిదోది మాత్రం తలుపంత పెద్దది.

"పంతులుగారూ, ఒప్పుకుందాం. వెళ్ళాడు, తలుపు తెచ్చాడు, ఎందుకు తెచ్చాడో చెబుదాం."

"తలుపు కోర్టుకి తెస్తే దోపిడీ మన చేత్తో రుజువు చేసినట్టే. మతి పోయిందా?"

"తలుపు దాచితే దొంగతనం. చూపిస్తే వైద్యం."

ఆయన బల్ల మీది కాగితాలు నా వైపు తోశారు. "ఓడిపోతే నీ కేసు. గెలిస్తే మన కేసు" అన్నారు. సీనియర్లు ఇప్పుడూ అంతే, ఏం బెంగపెట్టుకోకండి.

ఏసినోడే తియ్యాల

చమఖండి వెళ్ళాను. సరుగుడు తోపు నీడలో దానయ్య తలుపు మీద పడుకుని ఉన్నాడు. కాలికి గొలుసు, గొలుసుకి తలుపు. ఛత్రపురం ఆసుపత్రి నుంచి కాంపౌండరు వచ్చి కట్టు కట్టి వెళ్ళాడట, వాపు తీసిందట, కాలుకి భయం లేదట. గొలుసు మాత్రం అలాగే ఉంది.

"కమ్మరిని పిలిచి కోయించుకోరా. కేసు సంగతి నేను చూసుకుంటాను, ముందు మనిషివి నువ్వు" అన్నాను.

"ఒద్దు బాబూ. అది రాజుగారి సొత్తు. ఇరిసినానంటే నాను దొంగనే. ఏసినోడే తియ్యాల."

"నీ పంతం మండిపోనూ!" అంది పోలమ్మ. "రెయ్యల్లా ఆ గొలుసు సప్పుడుకి నాకు నిద్దర నేదు బాబూ. తానం సెయ్యాలన్నా తలుపుతోనే. పెల్లి సేస్తే పెల్లికూతురు దేని మీద కూకుంటాది?"

"తలుపు ఎడల్పుగానే ఉన్నాది గదేటే అప్పా" అన్నాడు దానయ్య.

ఇంకో రెండుసార్లు చెప్పి చూశాను. వినలేదు. ఇక్కడ కుర్రవాళ్ళకి ఒక మాట. కక్షిదారు మొండితనం అన్నివేళలా మూర్ఖత్వం కాదు. దాని వెనక ఏ నియమం ఉందో కనిపెట్టకుండా దాన్ని విరవకండి.

చాబి

విచారణ కలెక్టరు దొర ముందు. ఆయన మద్రాసులో పరీక్షకి చదువుకున్న తెలుగు మాట్లాడేవాడు. అది మాకు రాని తెలుగు. సంస్థానం తరఫున కటకం నుంచి వకీలు మహాపాత్రోగారు వచ్చారు, పెద్ద గొంతు, మంచి మనిషి. ఆయన పక్కన దివాణం సిరస్తాదారు, అంటే కచేరీ పెద్ద గుమాస్తా, జరీ అంచు శాలువాతో.

"హుజూర్, ఇది ఒట్టి దోపిడీ కాదు, దండయాత్ర" అని మొదలుపెట్టారు మహాపాత్రోగారు. "ఒక రాజ్యం ప్రజలు ఆయుధాలు పట్టి ఇంకో రాజ్యం మీద పడ్డారు. దీన్ని వదిలేస్తే రేపు ఏ రాజు తలుపైనా నిలుస్తుందా?"

"ఆయుధములు ఏవి?" అన్నాడు కలెక్టరు.

"తెడ్లు, హుజూర్."

"పర్వతముపైన పడవలు కలవా?"

"లేవు, హుజూర్."

కోర్టు నవ్వింది. మహాపాత్రోగారు కూడా నవ్వారు. అక్కడే ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

నా మొదటి సాక్షి బిసోయి తాత. తట్టలూ కావళ్ళూ మొలసంచులూ తన కొట్టు ముందు దింపి వెళ్ళారని, తిరిగివచ్చి ఏమీ తగ్గలేదని చూసుకుని తీసుకెళ్ళారని చెప్పాడు.

"దోచుకోవడానికి వెళ్ళేవాడు తట్టలు కింద పెట్టి వెళతాడా తాతా?"

"నాకేటి తెలుసు బాబూ, నన్నెవులూ దోసుకోనేదు. గానీ ఆ తట్టల కంపుకి ఆ పూట నా కొట్టుకి ఒక్కడూ రానేదు. ఆ నష్టం ఎవులిస్తారు?"

తర్వాత సిరస్తాదారు బోను ఎక్కాడు. తలుపు, గొలుసు, తాళం పోయాయని చెప్పాడు. నేను లేచి, అవన్నీ బయట ఉన్నాయి, తెప్పిస్తానన్నాను. వెనక పంతులుగారు గట్టిగా దగ్గారు. చమఖండి మనుషులు తలుపు మోసుకొచ్చి కోర్టు హాల్లో దించారు. దాని మీద దానయ్య కూర్చుని దొరకి దండం పెట్టాడు. కలెక్టరు కుర్చీలోంచి సగం లేచాడు.

క్రాసు పరీక్ష మొదలుపెట్టాను.

"ఈ తాళం సంస్థానానిదేనా?"

"ముమ్మాటికీ."

"ఇలాంటి తాళాలు ఛత్రపురం బజారులో కుప్పలు పోసి అమ్ముతారు. పొరపాటు పడుతున్నారేమో."

"కుప్పల్లో తాళమా? ఇది కటకం నుంచి దివాణం తెప్పించిన తాళం!"

"అది మీ మాట. రుజువేది?"

ఆయన ముఖం ఎర్రబడింది. శాలువా తీసి పక్కన పెట్టాడు. మొలలోంచి ఒక తాళంచెవి తీసి పైకెత్తాడు.

"చాబి! చాబి నా దగ్గరుంది!"

మహాపాత్రోగారు చెయ్యి చాచబోయి మానుకున్నారు. సిరస్తాదారు బోను దిగి, వంగి, తాళంలో చెవి పెట్టి తిప్పాడు. తాళం ఊడింది. గొలుసు నేల మీద పడింది. దానయ్య కాలు దగ్గరికి లాక్కుని, గొలుసు ఒరిపిడి ఉన్నచోట నెమ్మదిగా రాసుకున్నాడు.

"మీ తాళమే. ఒప్పుకుంటున్నాను" అన్నాను. "అయితే ఈ మనిషిని ఈ తలుపుకి కట్టింది ఎవరు?"

సిరస్తాదారు చేతిలోని తాళంచెవి వైపు చూసుకున్నాడు. మహాపాత్రోగారు కళ్ళు మూసుకున్నారు.

జవాబు తెలియని ప్రశ్న అడగవద్దని మీకు పుస్తకాలు చెబుతాయి. నేను ఇంకోటి చెబుతాను. సొత్తు మీద గర్వం ఉన్నవాణ్ణి సొత్తు గురించే అడగండి. ఫిర్యాదులో తలుపుతో ఆపకుండా తాళాన్ని కూడా చేర్చినప్పుడే, చెవి వెంట తెస్తారని నాకు నమ్మకం కలిగింది.

తర్వాత నా వాదన. ఆ పుస్తకంలోది చెప్పాను, చమఖండి రేవులోది కూడా చెప్పాను. రెండింటికీ తేడా లేదన్నాను. కలెక్టరు అంతా రాసుకుని, "నేను ప్రభుత్వమునకు వ్రాసెదను. పోలీసు వారి అభిప్రాయము కూడా జతపరచవలెను" అని, అంతవరకూ ఎర్రన్నని జామీను మీద వదిలాడు.

వరండాలో వల

గెలిచాననుకున్నాను. పోలీసు దొర నుంచి కబురు వచ్చేవరకూ.

ఈ దొర కలెక్టరులాంటివాడు కాదు, చురుకైనవాడు. బంగళా వరండాలో నాకు తెలిసిన కలప కంట్రాక్టరు ఒకాయన కొలతల గొలుసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లోపలికి వెళ్ళాను. దొర నాకు కుర్చీ వేయించాడు. కుర్చీ వేసినప్పుడే జాగ్రత్తపడాలి.

"నీ వాదన బాగుంది" అన్నాడు ఇంగ్లీషులో. "ఆ రాజు దుర్మార్గుడు. కొండవాళ్ళు రోజూ వెట్టి చేస్తున్నారు. నా రిజర్వు పోలీసు కంపెనీతో ఘాటీ ఎక్కి, ఆ సంతలో మకాం పెట్టి, వాడు దారికి వచ్చేదాకా కూర్చుంటాను. అది న్యాయమేనని నువ్వు అభిప్రాయం రాసివ్వు. బెస్తవాడికి న్యాయమైంది నాకు న్యాయం కాదా?"

"ఎవరిని తేవడానికి వెళతారు?"

"అందరినీ రక్షించడానికి."

"ఎప్పుడు దిగుతారు?"

"అది అప్పుడు చూద్దాం. చూడు, నీ ఎర్రన్న గురించి నేను ఇంకా రాయలేదు. అమాయకుడని రాయవచ్చు, ముఠా నాయకుడని రాయవచ్చు."

వల వరండాలో కూర్చుని ఉందని నాకు తెలుసు. ఆ సంస్థానంలో ఉన్నదల్లా సాలు కలప అడవే. నేనైతే అక్కడే కాదని చెప్పి లేచేవాణ్ణి. కానీ నా ధైర్యానికి జామీను ఇచ్చింది ఎర్రన్న మెడ. మెడ ఎవరిదైతే వాళ్ళని అడగాలి. వకీలు వృత్తిలో ఇంతకన్న ముఖ్యమైన మాట నాకు తెలియదు. రేపు చెబుతానని చమఖండి వెళ్ళాను.

ఎర్రన్న తెప్ప దుంగలు కడుతున్నాడు. అంతా చెప్పాను. ముందు పోలమ్మే అంది.

"రాసీ బాబూ! ఏటి పోయింది? దొర ఎల్తే ఎల్లనీ. కొండోల్లు ఆ రాజు సేతిలో సస్తన్నారు. ఆల్లకీ మంచిదే గదేటి?"

ఆ ప్రశ్న పుస్తకంలో ఎక్కడా లేదు. ఆమె అడిగినది అన్యాయమైన ప్రశ్న కాదు. అది ఈ రోజుకీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

"కొండోల్లు పిలిసినారా?" అన్నాడు ఎర్రన్న.

"నాకు తెలిసి లేదు. కలప కంట్రాక్టరు మాత్రం సిద్ధంగా ఉన్నాడు" అన్నాను.

ఎర్రన్న తాడు ముడి బిగించాడు.

"నా పేరు సెప్పి వల ఎట్టుకెల్తానంటే నానొప్పను బాబూ. నువ్వు నీకు తోసింది రాసీ."

"దొర నీ మీద చెడ్డగా రాస్తాడు ఎర్రన్నా. పైనుంచి అప్పగించమని రావచ్చు."

"వస్తే వస్తాది."

పోలమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నీ మెడ, నీ ఇష్టం మావా" అంది చివరికి. "ఆల్లు నిన్ను ఎక్కించీసినారనుకో, ఈసారి తలుపు నానే మోస్తాను."

మర్నాడు దొరకి రాసిచ్చాను. మునుగుతున్న మనిషిని తేవడానికి వెళ్ళడం వేరు, నీళ్ళు మంచివి కావని రేవులో కాపురం పెట్టడం వేరు అన్నాను. అక్కడి ప్రజలు పడుతున్న బాధ నిజమని, దానికి పెద్ద దొర ద్వారా రాజుని నిలదియ్యాలని, కంపెనీని ఎక్కించే ముందు కంట్రాక్టరుని ఇంటికి పంపాలని కూడా రాశాను. దొర చదివి కుర్చీ తీయించాడు. అంటే, నేను ఇంకా అందులో ఉండగానే.

ఆయన ఎర్రన్న గురించి ప్రమాదకరమైన ముఠా నాయకుడని రాసి పంపినట్టు కచేరీలో తెలిసింది. కంపెనీ మాత్రం ఘాటీ ఎక్కలేదు. నా కాగితం వల్లనే అని చెప్పుకోవాలని ఉంది. వానలు పట్టుకోవడం కూడా ఒక కారణం.

గట్టు రాయి దగ్గర

పైనుంచి ఉత్తరువు రాలేదు. ఎర్రన్న జామీను మీదే ఉన్నాడు. పోలమ్మ బరంపురం వచ్చినప్పుడల్లా మా గుమ్మంలో నిలబడి, ఏమీ అడగకుండా నా ముఖం చూసి వెళ్ళిపోయేది. అదే కష్టం, ఫీజు తెచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలకి ఎలాగైనా జవాబు చెప్పవచ్చు.

వానలు తెరిపిచ్చాక ఎర్రన్న నా దగ్గరికి వచ్చాడు. కోర్టు తలుపుని చూసేసి వాళ్ళకే అప్పజెప్పింది, సంస్థానం వాళ్ళు దాని కోసం మనిషిని పంపలేదు.

"తిరిగి ఇచ్చీవరకూ పని అవ్వనేదు బాబూ. పరాయి నీల్లది మా ఒడ్డున ఉండకూడదు."

"నువ్వు హద్దు దాటితే జామీను పోతుంది. దాటావని చెప్పడానికి వాళ్ళు కాచుకుని ఉంటారు."

"దాటను. రాయికాడ ఎడతాను."

వెంట నేనూ వెళ్ళాను. వకీలుగా కాదు, హద్దు ఎక్కడుందో ఇరువైపులా చెప్పగలిగినవాడు ఒకడు ఉండాలి కదా అని. మోసినవాళ్ళలో దానయ్య కూడా ఉన్నాడు, కుంటుతూ. గట్టు రాయికి ఇవతలే, బిసోయి తాత కొట్టు పక్కన తలుపుని నిలబెట్టారు. గొలుసు మడిచి, తెరిచిన తాళం దానికి తగిలించి, కమ్మీకి వేలాడదీశారు. ఎర్రన్న సంస్థానం వైపు తిరిగి, ఎవరూ లేకపోయినా గట్టిగా చెప్పాడు: "మీది మీకు ఇచ్చీసినాం!"

"ఎవులూ రాకపోతే నా కొట్టుకి ఎట్టుకుంటాను" అన్నాడు బిసోయి తాత.

"రాజుగారిది తాతా. నీది కాదు, నాది కాదు."

కలెక్టరు రాసిన నివేదికకి జవాబు ఆ తర్వాత వచ్చింది. ఎర్రన్నని అప్పగించనక్కరలేదు. పోలీసు దొర మాటలు పక్కన పెట్టి, సిరస్తాదారు తాళం తెరిచిన సంగతి మీదే ఉత్తరువు రాశారు. నేను చదివి వినిపిస్తుంటే పోలమ్మ మధ్యలోనే ఆపి, "ఉండిపోతాడా?" అంది. ఉండిపోతాడన్నాను. ఆమె గుమ్మంలో కూర్చుండిపోయింది. పంతులుగారు లోపలినుంచి వచ్చి, ఎవరూ అడక్కుండానే ఆమెకి మంచినీళ్ళు ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆయన తలుపుకి ఇటుక అడ్డం పెట్టారు. పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది.

తర్వాత లోకంలో పెద్ద పెద్ద సైన్యాలు చాలా హద్దులు దాటాయి. ప్రతిసారీ ఎవరినో రక్షించడానికే. పత్రిక చదువుతూ ఎవరిని తేవడానికి వెళ్ళారు, తట్టలు ఎక్కడ దింపారు, ఎప్పుడు దిగివస్తారు అని వెతుక్కుంటాను. ఎక్కువసార్లు మొదటిదానికే జవాబు దొరకదు. ఎప్పుడైనా దొరికితే, వెళ్ళినవాళ్ళను నేను తప్పు పట్టను. అలా వెళ్ళకుండా ఊరుకున్నవాళ్ళనే తప్పు పడతాను.

సంస్థానం వాళ్ళు ఆ తలుపు కోసం ఎప్పుడూ రాలేదు. తీసుకోవాలంటే గొలుసు కూడా తీసుకోవాలి కదా. కొన్నేళ్ళకి ఒక చేపల కాలంలో ఏదో సాక్ష్యం పని మీద ఆ దారిన వెళ్ళాను. చెదలు కింది అంచు తినేశాయి గానీ తలుపు నిలబడే ఉంది. దాని నీడలో కావడి దించుకుని దానయ్య కూర్చుని ఉన్నాడు. మళ్ళీ ఆ సంతకే వెళుతున్నాడు.

"కాలెలా ఉందిరా?"

"వానొస్తే మాటాడతాది బాబూ. ఎండకి ఊరుకుంటాది."

"డేరాలు మొయ్యమంటున్నారా?"

"నన్ను అడగరు. నాతో ఎల్లినోల్లనీ అడగరు." కొండ వైపు గడ్డంతో చూపించాడు. "ఆల్లని ఇంకా అడుగుతన్నారు."

లేచి, కావడి భుజానికి ఎత్తుకున్నాడు. వెళ్ళబోతూ ఆ తలుపుని రెండుసార్లు తట్టాడు, లోపల ఎవరో ఉన్నట్టు. తర్వాత దాని పక్కనుంచి ఘాటీ ఎక్కాడు.